కటకానా పొట్టి పదాల చిట్కా

జపనీస్ నేర్చుకునేవాళ్లకు కటకానా (విదేశీ మాటలు రాయడానికి ఎక్కువగా వాడే జపనీస్ లిపి) చదవడం వచ్చేసినా ‘పసొకొన్’, ‘రిమొకొన్’ లాంటివి ఎదురైతే బుర్ర పనిచేయదు. ఇవి ఎక్కువగా ఇంగ్లీషు మాటలే, కాకపోతే కత్తిరించినవి.

నాలుగు అక్షరాల పదం కనిపిస్తే మధ్యకి విరిచి, ఒక్కో ముక్కతో మొదలయ్యే ఇంగ్లీషు మాట వెతకండి. పసొ+కొన్ అంటే పర్సనల్ కంప్యూటర్. రిమొ+కొన్ అంటే రిమోట్ కంట్రోల్. ఎఅ+కొన్ మన ఏసీనే. చూశారుగా, ‘కొన్’ ఒక్కటే, అర్థాలు మాత్రం మూడు! కాబట్టి ముందు ముక్క తేల్చుకున్నాకే దాని జోలికి వెళ్లండి. విరిస్తే కుదరకపోతే, తోక తెగిందేమో చూడండి: బిరు అంటే బిల్డింగ్, కొన్‌బిని అంటే కన్వీనియన్స్ స్టోర్.

కటకానా ముక్క చివర హిరగానాలో (జపనీస్‌లోని మరో లిపి) ‘రు’ ఉంటే అది క్రియ. గుగురు అంటే గూగుల్ చేయడం. సబొరు అంటే క్లాసో, పనో ఎగ్గొట్టడం. ఇది ఫ్రెంచి ‘సబొటాజ్’ నుంచి వచ్చింది, 1920ల నాటికే వాడుకలో ఉంది.

అయితే మూలం ఇంగ్లీషు కాకపోతే ఈ పద్ధతి పనిచేయదు. పార్ట్‌టైమ్ పనిని ‘బైతొ’ అంటారు. అది జర్మన్ ‘అర్బైట్’, పైగా తెగింది తల. అలాంటివి బట్టీ పట్టాల్సిందే.