మునగాకు పాన్‌డెసాల్ సరిగ్గా కుదరట్లేదా? సమస్యలు - పరిష్కారాలు

ఫిలిప్పీన్స్‌లో తెల్లారితే చాలామంది టిఫిన్ పాన్‌డెసాల్. పైన ఒక గీత, సన్నటి బ్రెడ్ పొడి, లోపల మెత్తగా, కాస్త తియ్యగా ఉండే చిన్న బన్ను. వీధి బేకరీలో వేడివేడిగా కాగితం సంచిలో పోయించుకుని, కాఫీలో ముంచుకు తింటారు. దానిలో మలుంగ్గాయ్, అంటే మన మునగాకు, కలిపిన రకం కూడా అక్కడ బాగానే నడుస్తుంది. ఎంబీబీఎస్ కోసం అక్కడికి వెళ్లిన మన పిల్లలకూ, గల్ఫ్‌లో ఫిలిపినోలతో కలిసి పనిచేసేవాళ్లకూ ఈ రుచి తెలిసే ఉంటుంది. ఇంట్లో చేస్తే మాత్రం పిండి జారిపోయిందనో, చేదొచ్చిందనో అంటారు. తప్పు చాలావరకు ఆకుది కాదు. ఆకులోని నీటిది, లేదా ఆకు వేసిన సమయానిది.

కింద చెప్పేవన్నీ ఈ కొలతలకు: మైదా 500 గ్రాములు, పంచదార 80, వెన్న 50, ఉప్పు ఒక టీస్పూను, ఇన్‌స్టంట్ ఈస్ట్ 7 గ్రాములు, గుడ్డు ఒకటి, గోరువెచ్చటి పాలు 230 మి.లీ., దూసిన మునగాకు 35 గ్రాములు. దాదాపు 20 బన్నులు వస్తాయి. గుడ్డు వద్దనుకుంటే ఇంకో 50 మి.లీ. పాలు పోయండి. అక్కడి మామూలు బేకరీల్లోనూ గుడ్డు లేకుండా చేసేవాళ్లు చాలామందే.

ఆకు కలపగానే పిండి జిగురుజిగురుగా అయిపోతోంది

మునగాకులో నాలుగింట మూడొంతులకు పైగా నీళ్లే. కడిగిన తడి దానికి అదనం. పైగా తరిగిన ఆకును మొదట్లోనే వేసి పిసికితే నలిగి రసం ఊరుతుంది. అప్పుడు కంగారుపడి గుప్పెడు మైదా చల్లుతారు, కాసేపటికి ఇంకో గుప్పెడు. పిండి చేతికి అంటుకోవడం ఆగుతుంది కానీ బన్ను బరువెక్కిపోతుంది.

ఆకును ముందురోజే కడిగి, గుడ్డ మీద పరిచి ఆరనివ్వండి. దూయడానికి బద్ధకమైతే మన అమ్మమ్మల కిటుకు ఉండనే ఉంది: రెమ్మలను పొడి గుడ్డలో మూటకట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న విప్పి దులిపితే ఆకు చాలావరకు దానంతటదే రాలుతుంది. కాస్త వాడి ఉంటుంది కాబట్టి తడీ తక్కువే. మధ్యలో పండుబారినవి కనిపిస్తే ఏరేయండి.

ఇక ఆకు వేయాల్సిన సమయం. ముందు ఆకు లేకుండానే పిండిని పది పన్నెండు నిమిషాలు బాగా పిసకండి. చిన్న ముక్క తీసి రెండు చేతుల వేళ్లతో నెమ్మదిగా సాగదీస్తే, చిరగకుండా వెనక వెలుతురు కనబడేంత పల్చటి పొర రావాలి. ఆ పొర వచ్చాకే ఆకు వేసి, మడతలు పెడుతూ ఒకటి రెండు నిమిషాలు కలిపితే చాలు. అప్పటికీ అంటుకుంటుంటే మైదా వైపు చెయ్యి పోనివ్వకండి, చేతులకు కాస్త నూనె రాసుకోండి.

చేదు, పచ్చివాసన

దీనికి కారణాలు మూడు, మూడూ వేరువేరు.

మొదటిది ముదురాకు, ఈనెలు. పప్పులో ఒకటో రెండో ఈనెలు పడినా ఉడికి కలిసిపోతాయి. బన్నులో అలా కాదు, పంటికింద పీచులా తగులుతుంది, చేదూ తెలుస్తుంది. లేతాకు ఏరుకోండి, ఈనె ఒక్కటీ ఉండకూడదు.

రెండోది పొడి. ఆన్‌లైన్‌లో దొరికే మునగాకు పొడిని ఆరోగ్యం కదా అని మూడు నాలుగు చెంచాలు వేసేస్తారు. 500 గ్రాముల మైదాకు ఒక టేబుల్ స్పూను చాలు, రెండు దాటితే గడ్డి వాసనే. పాతబడి పసుపు తిరిగిన పొడైతే ఒక్క చెంచా కూడా ఎక్కువే. నన్నడిగితే పచ్చాకుకే ఓటు. పొడి ఇంట్లో ఉంది కదా అని వాడాలనుకుంటే, దాన్ని ముందుగా పాలలో కలిపి పది నిమిషాలు నాననివ్వండి, పిండిలో ఉండలు కట్టదు.

మూడోది ఎవరూ అనుమానించనిది. బన్ను పైకి పొడుచుకొచ్చిన ఆకు ఓవెన్‌లో మాడుతుంది, ఆ మాడు రుచినే చేదు అనుకుంటాం. ఆకును సన్నగా తరిగి, చుట్టేటప్పుడు పైకి తేలిన ముక్కలను లోపలికి నొక్కేస్తే సరి.

ముదురాకు తప్ప దొరక్కపోతే మరిగే నీళ్లలో అర నిమిషం ముంచి, వెంటనే చల్లనీళ్లలో వేసి, గట్టిగా పిండి వాడుకోండి. విటమిన్ సి కొంత పోతుంది, కానీ అది ఓవెన్‌లో ఎలాగూ పోయేదే.

పొంగలేదు, తిన్నాక బరువుగా ఉంది

ఇక్కడ ఆకును తిట్టేముందు ఈస్ట్‌ను చూడండి. చెంచా పంచదార కలిపిన గోరువెచ్చటి పాలలో ఈస్ట్ వేస్తే పది నిమిషాల్లో నురగ రావాలి. రాకపోతే ఆ ప్యాకెట్ పారేయండి, ఇక ఎంత పిసికినా దండగ. పాలు 40 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది. వేలు పెడితే చురుక్కుమనేంత వేడి పోస్తే ఈస్ట్ చచ్చిపోతుంది. తెరిచిన ప్యాకెట్‌ను గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి.

ఈస్ట్ బాగానే ఉన్నా బరువుగా వస్తే, ముక్కలు కోశాక రెండోసారి పొంగడానికి టైమ్ ఇవ్వలేదన్నమాట. మొదట రెట్టింపు కావడానికి గంట, కోశాక మళ్లీ 30 - 45 నిమిషాలు. వేలితో మెల్లగా నొక్కితే గుంట నిదానంగా నిండాలి. టక్కున నిండితే ఇంకా ఆగాలి. అసలు నిండకపోతే ఆలస్యమైనట్టే, అలాంటివే ఓవెన్‌లో చదునుగా పరుచుకుపోతాయి. మన ఎండాకాలంలో గంట కూడా పట్టదు, కాబట్టి గడియారాన్ని కాదు, పిండిని చూడండి.

మైదా బదులు మొత్తం గోధుమపిండి వేసేవాళ్లకు ఒక మాట: పావు వంతు దాకా పరవాలేదు, అంతకు మించితే అది పాన్‌డెసాల్ కాదు.

పైన ఆ గీత రావట్లేదు, పొడి రాలిపోతోంది

లడ్డూల్లా ఉండలు చేస్తే ఆ ఆకారం రాదు. అక్కడి బేకర్లు పిండిని పొడవాటి కర్రలా చుట్టి, దాన్ని బాస్టన్ అంటారు, బ్రెడ్ పొడిలో దొర్లించి, రేకుతో ముక్కలుగా కోస్తారు. కోసిన వైపు పైకి పెట్టి పొంగనిస్తే గీత అదే వస్తుంది. పొడి రాలడానికి కారణం పిండి పైభాగం ఆరిపోవడమో, పొడి రవ్వలా గరుగ్గా ఉండటమో. పొడిని మెత్తగా జల్లించి, పిండి కాస్త చెమ్మగా ఉండగానే అద్దండి.

కాల్చాక ఆకు నల్లబడినట్టు ఉంది

వేడికి పత్రహరితంలోని మెగ్నీషియం పోయి రంగు మారుతుంది. ఇది సహజమే, పాడైనట్టు కాదు. వంటసోడా వేస్తే పచ్చదనం నిలుస్తుందని సలహా ఇస్తారు కానీ రుచి చెడుతుంది, వద్దు. 180 డిగ్రీల దగ్గర 15 - 18 నిమిషాలు, అంతకుమించి ఓవెన్‌లో ఉంచకండి.

ఆరోగ్యానికని తింటున్నా, తేడా ఏమీ లేదు

ఉండదు. 100 గ్రాముల పచ్చి మునగాకులో సుమారు 185 మిల్లీగ్రాముల కాల్షియం, 4 మిల్లీగ్రాముల ఇనుము ఉంటాయి. మన కొలత ప్రకారం ఒక్కో బన్నులో పడే ఆకు రెండు గ్రాములు కూడా కాదు, కాల్షియం మూడు మిల్లీగ్రాముల చిల్లర. అందుకని ఈ బన్నును మునగచెట్టు ఎక్కించకండి. ఆకు ఎక్కువ తినాలంటే ఫిలిపినోలు చేసినట్టే చేయండి, గుప్పెళ్లకొద్దీ తినోలా అనే కోడి సూపులోనూ, పెసల కూరలోనూ వేస్తారు వాళ్లు. మనకు ఆషాఢంలో మునగాకు పప్పు ఉండనే ఉంది. బన్నును రుచి కోసం తినండి, పక్కన ఉడికించిన గుడ్డో, వేరుశనగ వెన్నో పెట్టుకోండి.

మధ్యాహ్నానికే గట్టిపడుతోంది

ఎక్కువ కాలినా, వెన్న తగ్గినా ఇంతే. ఓవెన్‌లోంచి తీయగానే పల్చటి గుడ్డ కప్పి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పెట్టండి. ఫ్రిజ్‌లో మాత్రం వద్దు, అక్కడ బ్రెడ్ ఇంకా త్వరగా గట్టిపడుతుంది. రేపటికి కావాలంటే ఫ్రీజర్‌లో పెట్టి, పొద్దున్నే సన్న సెగ మీద పెనంలో వేసి, నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి మూత పెట్టండి, రెండు మూడు నిమిషాల్లో మెత్తబడుతుంది. అప్పటికీ మిగిలినవాటిని ముక్కలు చేసి బాగా ఎండబెట్టి మిక్సీ పట్టి జల్లిస్తే, పైన అద్దుకునే పొడి అయిపోతుంది. తడి ఏమాత్రం మిగిలినా బూజు పడుతుంది కాబట్టి కరకరలాడేదాకా ఎండాకే డబ్బాకెత్తండి.