చిన్న సిక్లిడ్ చేపలలో జాతినీ, ఆడ మగలనూ గుర్తుపట్టే పద్ధతి

తిరుపతిలో రంగు చేపల దుకాణానికి వెళ్లి రామ్ (సిక్లిడ్ కుటుంబపు చిన్న రంగు చేప) జత కావాలని అడిగితే, పెద్దదొకటి, చిన్నదొకటి వలతో పట్టి సంచిలో వేసి ఇవ్వడం మామూలే. పరిమాణాన్ని మాత్రమే నమ్ముకున్న ఆ ఎంపిక చాలాసార్లు తప్పుతుంది. ఒకే ఈడు మగ చేపలలో కూడా పెత్తనం చేసేది త్వరగా పెరిగి, దానికి లొంగి ఉన్నది చిన్నదిగానే మిగిలిపోతుంది. అలాంటి రెండు మగ చేపలను చిన్న ట్యాంకులో వదిలితే, బలహీనమైనది మూలన నక్కి, మేత మానేసి, చివరకు ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. అందువల్ల కొనే ముందే చేపను ఒక క్రమంలో పరిశీలించాలి. మొదట దేహాకృతి, రెక్కల కొసలు చూడాలి, తరువాత మచ్చలు, చారలు చూడాలి, రంగును అన్నిటికంటే చివర లెక్కలోకి తీసుకోవాలి. రంగు నీటిని బట్టి, మేతను బట్టి, చేప బెదిరిందా కుదురుగా ఉందా అన్నదాన్ని బట్టి గంటలోనే మారిపోతుంది. పైగా అమ్మకం కోసం హార్మోన్లు పెట్టి రంగు తెప్పించిన చేపలు కూడా సంతలోకి వస్తుంటాయి.

చెన్నైలోని కొళత్తూరు అలంకార చేపల వ్యాపారానికి పేరు పడ్డ చోటు కాబట్టి మన చిత్తూరు, తిరుపతి వైపు నుంచి అక్కడికి వెళ్లి తెచ్చుకునేవారు ఉన్నారు. అలా గంటల తరబడి సంచిలో ప్రయాణించి వెలవెలబోయిన చేపను చూసి ఆడదో మగదో తేల్చకూడదు. ట్యాంకులో కుదురుకుని, మేత తింటూ, తోటి చేపలతో తగువుకు దిగే దాకా ఆగితే చేప తన గుర్తులన్నీ తానే చూపిస్తుంది.

రామ్ పేరుతో అమ్మేవి రెండు వేర్వేరు జాతులు. బ్లూ రామ్ వెనిజులా, కొలంబియా దేశాలలోని ఒరినోకో నదీ పరివాహక ప్రాంతానికి చెందినది. జర్మన్ రామ్ అని పిలిచినా దాని పుట్టిల్లు అదే. శాస్త్రవేత్తలు దానిని 1948లో వర్ణించారు. బొలీవియన్ రామ్ బొలీవియా, బ్రెజిల్ దేశాల నదులది. రెండింటికీ కంటి మీదుగా నిలువు నల్ల చార, పక్కన నల్లమచ్చ ఉంటాయి కనుక పిల్లల దశలో తికమక సహజం. బ్లూ రామ్ దేహం పొట్టిగా, ఎత్తుగా ఉండి ఒళ్లంతా నీలి చుక్కలు మెరుస్తాయి; సుమారు 5 సెంటీమీటర్ల దగ్గర పెరుగుదల ఆగుతుంది. బొలీవియన్ రామ్ సాగినట్టుగా, బూడిద కలిసిన గోధుమ రంగులో, రెక్కల అంచులకు ఎరుపుతో ఉండి 8 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఈ తేడా తెలియకపోతే పోషణే తప్పుతుంది. బ్లూ రామ్‌కు 28 నుంచి 30 డిగ్రీల వెచ్చని, మెత్తని (లవణాలు తక్కువగా ఉన్న) నీరు కావాలి, బొలీవియన్ రామ్ అంతకంటే చల్లని, కాస్త గట్టి (లవణాలు ఎక్కువగా ఉన్న) నీటిని కూడా ఓర్చుకుంటుంది.

బ్లూ రామ్‌లో ఆడదానిని పట్టుకోవడానికి పక్కనున్న నల్లమచ్చ మంచి ఆధారం. చేప అద్దానికి సమాంతరంగా నిలిచినప్పుడు, లైటు పైనుంచి పడుతుండగా ఆ మచ్చ లోపలికి చూడాలి. ఆడదానిలో ఆ నలుపు మధ్యలో కూడా నీలి పొలుసులు మెరుస్తాయి. మగదానిలో సాధారణంగా మచ్చ నిఖార్సైన నలుపుగా ఉంటుంది. పొట్ట మీద గులాబీ కలిసిన ఊదా ఛాయ ఆడదాని గుర్తు. వీపు రెక్క ముందు భాగంలోని రెండు మూడు ముళ్లు మగదానిలో బాగా పొడుగు సాగి ఉంటాయి. ఫారాలలో తరాల తరబడి పెంచిన రకాలలో ఈ గుర్తులు కలగాపులగం కావడం మామూలు కనుక ఏ ఒక్కదాన్నీ నమ్మకుండా మూడూ కలిసినప్పుడే నిర్ణయానికి రావాలి. బ్లూ రామ్‌లోనే ఎలక్ట్రిక్ బ్లూ అనే రకంలో నల్లమచ్చ ఉండదు కాబట్టి అక్కడ పొట్ట ఛాయ, వీపు ముళ్లు మాత్రమే మిగులుతాయి. బొలీవియన్ రామ్‌లో ఆడదాని పొట్ట ఎర్రబడదు. తోక పైకొస, కింది కొసల నుంచి దారాల్లా సాగిన తీగలు మగదానిలో ఎక్కువ పొడుగు. చిన్న వయసులో ఇది కూడా తేలదు.

అపిస్టోగ్రామా (క్లుప్తంగా అపిస్టో) అనే మరో చిన్న సిక్లిడ్ గుంపులో మగవాటి జాతి చెప్పడం తేలిక, ఆడవాటిది కష్టం. ఆ గుంపులోని మూడు జాతులను చూస్తే, కాకటూ మగదానికి వీపు రెక్క ముందు ముళ్లు కిరీటంలా లేచి, తోక రెండు కొసలుగా చీలి ఉంటుంది. అగాసిజి మగదానికి వీపు రెక్క ముందు భాగం సమంగా ఉండి, తోక ఒకే కొసతో ఈటె మొనలా ముగుస్తుంది. బొరెల్లి మగదానికి వీపు రెక్క తెరచాపంత ఎత్తు, తోక గుండ్రం. ఆడవి మూడూ చిన్నవి, గుండ్రటి తోకవి, గుడ్లు కాచేటప్పుడు పసుపు పచ్చగా మారిపోయేవి. అప్పుడు పక్క చారను గమనించాలి: అగాసిజిలో ఆ నల్ల చార తోక రెక్కలోకి చివరిదాకా పోతుంది, కాకటూలో ప్రధాన చార కింద పొట్ట మీదుగా సన్నని గీతలు వరుసగా కనిపిస్తాయి. కాకటూ ఆడదానిలో పొట్ట కింది రెక్కల ముందంచు నల్లగా ఉంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. లొంగి ఉన్న మగ చేప రెక్కలు పెంచకుండా, ఆడదాని వేషంలో తిరుగుతూ పెద్ద మగదాని కంట పడకుండా గడుపుతుంది. పెద్దదానిని వేరే ట్యాంకులోకి మారిస్తే కొన్ని వారాలలో అది అసలు రూపానికి వస్తుంది.

నైజీరియా ప్రాంతానికి చెందిన క్రిబ్ అనే సిక్లిడ్‌లలో పని సులువు. ఆడది పొట్టిగా, బొద్దుగా ఉండి పొట్ట చెర్రీ పండు రంగు తేలుతుంది. పొట్ట కింది రెక్కల కొసలు గుండ్రంగా ఉంటాయి. మగది సన్నగా సాగి, వీపు రెక్క కొస, తోక మధ్య భాగం మొన తేలి ఉంటాయి.

మన దేశపు సిక్లిడ్ అయిన ఆరెంజ్ క్రోమైడ్‌లో ఆడ మగలను రూపాన్ని చూసి చెప్పడం దాదాపు అసాధ్యం. దానికంటే ముందు జాతి విషయంలో పొరపాటు పడకూడదు. తిరుపతి జిల్లా అంచున ఉన్న పులికాట్ సరస్సులో దొరికే పెర్ల్ స్పాట్ అనే మరో సిక్లిడ్ పిల్లలు కూడా చిన్నప్పుడు అదే ఆకారంలో ఉంటాయి. కానీ వాటికి ఛాతీ రెక్క మొదట్లో నల్లమచ్చ, ఆకుపచ్చ ఒంటి మీద నిలువు పట్టీలు ఉంటాయి, పెరిగితే 20 సెంటీమీటర్లు దాటిపోతాయి. ఆరెంజ్ క్రోమైడ్ పసుపు ఒంటి మీద నడుమ నల్లమచ్చతో ఉండి అందులో సగం కూడా పెరగదు.

ఏ జాతిలోనైనా అనుమానం తీర్చేది గుడ్లు పెట్టే వేళ మలద్వారం వెనుక బయటికి వచ్చే చిన్న గొట్టం. మగదానిలో అది సన్నగా, మొన తేలి ఉంటుంది. ఆడదానిలో లావుగా, మొన లేకుండా మొద్దుగా ఉంటుంది. అప్పటిదాకా ఆగలేనివారు ఐదారు పిల్లలను కలిపి పెంచి, వాటంతట అవే జతకట్టాక మిగిలిన వాటిని వేరు చేయడం మేలు. అపిస్టో పిల్లలను పెంచే వారికి మరొక సంగతి: వెచ్చని నీటిలో పెరిగిన వాటిలో మగవి ఎక్కువగా తేలతాయని 1996లో పరిశోధకులు రోమర్, బైజెన్‌హెర్జ్ చాలా జాతులపై జరిపిన పరిశీలనలో చూపారు. తిరుపతి ఎండాకాలంలో ఇంట్లోని నీరే 30 డిగ్రీలు దాటుతుంది కాబట్టి, రెండు లింగాలూ కావాలనుకుంటే ఆ నెలలు తప్పించి చలికాలంలో గుడ్లు పెట్టించాలి, లేదా ట్యాంకుపై ఫ్యాను తిప్పి వేడి తగ్గించాలి.