పాత విండోస్ సర్వర్‌కి ఈఎస్‌యూ: ముందు లైసెన్స్ కాగితాలు తీయండి

మా దగ్గర విండోస్ సర్వర్ 2012 ఆర్2 మీద నడిచే వీఎంలు (వర్చువల్ మిషన్లు, అంటే ఒకే సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన విడి కంప్యూటర్లు) ఆరున్నాయి. ఒకదాంట్లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది. అది కొత్త సర్వర్ మీద లేవదు, దాన్ని రాసినవాళ్లు కొత్త వెర్షన్ ఇవ్వలేదు. 2012, 2012 ఆర్2 రెండింటికీ మామూలు సపోర్ట్ 2023 అక్టోబర్ 10తో ఆగిపోయింది. ఆ తర్వాత సెక్యూరిటీ ప్యాచ్‌లు కావాలంటే ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్, అంటే ఈఎస్‌యూ తీసుకోవాలి. మూడేళ్ల వరకే ఇస్తారు, చివరి గడువు 2026 అక్టోబర్ 13. కొత్త ఫీచర్లేమీ రావు. క్రిటికల్, ఇంపార్టెంట్ స్థాయి భద్రతా లోపాలకు మాత్రమే ప్యాచ్‌లు వస్తాయి.

డబ్బు కడితే ఇచ్చేస్తారనుకుని నేను రీసెల్లర్‌కి ఫోన్ చేశాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "మీకు సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ యాక్టివ్‌గా ఉందా అండీ?" అని. సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ అంటే లైసెన్స్‌తో పాటు మైక్రోసాఫ్ట్‌కి విడిగా కట్టి, గడువు తీరినప్పుడల్లా రెన్యువల్ చేసుకునే ఒప్పందం. నా దగ్గర జవాబు లేదు. మీరు మాత్రం జవాబు చేతిలో పెట్టుకునే ఫోన్ చేయండి.

మైక్రోసాఫ్ట్ 365 అడ్మిన్ సెంటర్‌లో మీ వాల్యూమ్ లైసెన్స్ (సంస్థలు టోకుగా కొనే లైసెన్స్) వివరాలు తెరిచి, ఆ సర్వర్ల లైసెన్స్‌లకి సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ ఏ తేదీ దాకా ఉందో చూడండి. అది ఉండాలి, లేదా సర్వర్ సబ్‌స్క్రిప్షన్ లైసెన్స్ ఉండాలి. రెండూ లేకపోతే మీ సొంత సర్వర్ గదిలోని మిషన్‌కి ఈఎస్‌యూ కొనే అర్హత లేదు. మిషన్‌తో పాటు దాని తయారీదారు ఇచ్చిన ఓఈఎమ్ లైసెన్స్‌కి అష్యూరెన్స్‌ను కొన్న 90 రోజుల్లోపే జోడించుకోవాలి. పదేళ్ల కిందటి మిషన్‌కి ఆ దారి ఎప్పుడో మూసుకుపోయింది.

మేం ఇరుక్కున్నది దీని దగ్గర కాదు, క్యాల్స్ (సర్వర్‌ని వాడుకోవడానికి యూజర్ల కోసం విడిగా కొనే లైసెన్స్‌లు) దగ్గర. సర్వర్ లైసెన్స్ ఒక్కదానికీ అష్యూరెన్స్ ఉంటే సరిపోదు. ఆ సర్వర్‌ని వాడే యూజర్ల క్యాల్స్‌కి కూడా ఉండాలి. అంతకుముందు రెన్యువల్‌లో ఖర్చు తగ్గుతుందని మావాళ్లు క్యాల్స్‌కి అష్యూరెన్స్ తీసేశారు. దాన్ని సరిచేసుకోవడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ ప్యాచ్ లేని బిల్లింగ్ సర్వర్‌ని చూస్తూ పడ్డ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

తర్వాతిది కోర్ల లెక్క, ఎందుకంటే ఈఎస్‌యూకి కోర్ల లెక్కనే కట్టాలి. మా హోస్ట్‌లో, అంటే వీఎంలన్నీ నడిచే అసలు మిషన్‌లో, ఒక్కోటి 16 కోర్ల ప్రాసెసర్లు రెండు, మొత్తం 32. ఆరు వీఎంలకీ తలా 4 వర్చువల్ కోర్లు. నేను 24 అని రాసి పంపాను. అది తప్పు. వర్చువల్ కోర్ల పద్ధతిలో వీఎంకి కనీసం 8 కట్టాలి, అంటే 48. పోనీ ఫిజికల్ కోర్ల లెక్కన వెళ్దామంటే, స్టాండర్డ్ ఎడిషన్‌లో హోస్ట్‌లోని 32 కోర్లకీ కడితే రెండు వీఎంలే కవర్ అవుతాయి. ఆరింటికి మూడింతలు, 96 అవుతుంది. డేటాసెంటర్ ఎడిషన్‌కి 32 కడితే ఎన్ని వీఎంలైనా సరే, కానీ కోర్ రేటు ఎక్కువ. హోస్ట్‌కి అసలు లైసెన్స్ కూడా డేటాసెంటర్‌దే అయ్యుండాలి. అందుకని రీసెల్లర్‌ని వర్చువల్, ఫిజికల్ లెక్కలకు రెండు కొటేషన్లు అడగండి. వీఎంలు ఒక హోస్ట్ నుంచి ఇంకోదానికి మారుతుండేవైతే వర్చువల్ లెక్కే హాయి అని నా అభిప్రాయం.

అష్యూరెన్స్ ఏమీ లేనివాళ్లకు మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన అజూర్ ఉంది. వీఎంని అక్కడికి తరలిస్తే ఈఎస్‌యూకి విడిగా ఛార్జీ లేదు. మిషన్ ఉన్నచోటే ఉండాలంటే అజూర్ ఆర్క్‌తో (సొంత గదిలోని మిషన్లను అజూర్ నుంచి చూసుకునే సర్వీసు) కలిపి నెలవారీ కట్టొచ్చు, కానీ అక్కడ కూడా అష్యూరెన్స్ ఉందని ధ్రువీకరించాలి. ఆలస్యంగా చేరితే గడిచిపోయిన నెలలకు కూడా బిల్లు వేస్తారు. మిషన్‌లో వేసే ఆర్క్ ఏజెంట్ సాఫ్ట్‌వేర్ 1.34 లేదా ఆపై వెర్షన్ కావాలి.

మేం కీ పద్ధతిలో, అంటే ఈఎస్‌యూ కొన్నాక వచ్చే కీని సర్వర్‌లో ఎక్కించే దారిలో, వెళ్లాం. ముందు సర్వీసింగ్ స్టాక్ అప్‌డేట్, లైసెన్సింగ్ ప్రిపరేషన్ ప్యాకేజీ వేసి రీస్టార్ట్ చేయండి. తర్వాత ఎస్‌ఎల్‌ఎంజీఆర్ (slmgr) కమాండ్‌కి ఐపీకే (/ipk) స్విచ్ ఇచ్చి కీ ఎక్కించండి. ఏటీఓ (/ato) స్విచ్‌తో, ఆ ఏడాదికి ఇచ్చిన యాక్టివేషన్ ఐడీ కూడా ఇచ్చి యాక్టివేట్ చేయండి. చివర డీఎల్‌వీ (/dlv) స్విచ్‌తో లైసెన్స్ స్థితి చూసేటప్పుడు కూడా ఆ ఐడీ ఇవ్వండి. ఇవ్వకపోతే మామూలు విండోస్ లైసెన్స్ స్థితి కనబడుతుంది. అక్కడ 'లైసెన్స్‌డ్' అని చూసి పని అయిపోయిందనుకుంటే, మైక్రోసాఫ్ట్ నెలనెలా ప్యాచ్‌లు వదిలే మంగళవారం నాడు అప్‌డేట్ ఇన్‌స్టాల్ కాదు.

ఆ మిషన్‌లో మైక్రోసాఫ్ట్ డేటాబేస్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్ కూడా పాతదైతే దాని ఈఎస్‌యూ వేరు. 2014 వెర్షన్‌కి మామూలు సపోర్ట్ 2024 జూలై 9నే ముగిసింది. విండోస్ సర్వర్ 2016 వాడుతున్నవాళ్లకు గడువు 2027 జనవరి 12. ఆలోపు మీ ఒప్పందం రెన్యువల్‌కి వస్తే, సంతకానికి ముందు క్యాల్స్ వరుస ఒక్కసారి చదవండి.