కొత్త ఆఫీసుకు హెడ్‌గ పోతే సిబ్బందితోని పని ఎట్ల చేయించుకోవాలె

నల్గొండ, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు ఏ మండలానికైనా తహసీల్దార్‌గనో ఎంపీడీవోగనో కొత్తగ పోయిన్రనుకోండి, జీతం పెంచే అధికారం మీ చేతిల ఉండదు. ఇంక్రిమెంట్ ఏడాదికోసారి వస్తది, ప్రమోషన్ రాకున్నా 6, 12, 18, 24 ఏండ్లకు ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కేలు, అంటే పై జీతం స్కేలు, వస్తది, పని మస్తుగ చేసినోళ్లకైనా అంతంతమాత్రం చేసినోళ్లకైనా దాదాపు ఒక్కతీరే. హెర్జ్‌బర్గ్ అనే అమెరికా సైకాలజిస్టు 1959లనే చెప్పిండు, జీతం తక్కువైతే అసంతృప్తి వస్తది గానీ పెంచినంత మాత్రాన ఉత్సాహం రాదు, గుర్తింపు, బాధ్యత ఉంటేనే వస్తదని. ఆ రెండు మాత్రం మీ చేతిలనే ఉన్నయి.

పోంగనే మెమోలు ఇయ్యకండి. ఒక్కొక్కరి పర్సనల్ రిజిస్టర్ (ఎవరి దగ్గరికి ఏ కాగితం వచ్చింది, అదేమైంది అని రాసే పుస్తకం) తెప్పించుకొని వాళ్లను పక్కన కూసోబెట్టుకొని చూడండి. ఒక జూనియర్ అసిస్టెంట్ దగ్గర పెండింగ్ కుప్పలు ఉంటది, పక్క సీటు ఖాళీ, ఎందుకంటే "ఆయనైతే చేస్తడు" అని వచ్చిన ప్రతి ఆఫీసరు ఫైళ్లు ఆయనకే మార్క్ చేస్తడు. చేసేటోళ్ల నెత్తిమీదనే పని మోపుడు మన ఆఫీసులల్ల అన్నిటికంటే పెద్ద రోగం, కొన్నేండ్లకు వాళ్లు గూడ చేతులెత్తేస్తరు. అందుకే ముందుగాల సబ్జెక్టులు, అంటే ఎవరు ఏ పని చూడాల్నో, మళ్ల పంచండి.

"ఎందుకు చేయలే" అని కాదు, "ఎక్కడ ఆగింది" అని అడగండి. సర్వేయర్ రిపోర్టు రాక ఫైలు ఆగిందంటే క్లర్క్ ఎన్నిసార్లు ఫోన్ చేసినా కదలదు, అది మీరే చేయాలె.

సోమవారం జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిల దరఖాస్తుదారు ముందట క్లర్కును తిట్టకండి, తప్పుంటే తర్వాత రూంల చెప్పండి. నలుగుట్ల మాటపడ్డ మనిషి ఆ తర్వాత నోట్ ఫైల్ల సొంత అభిప్రాయం రాయడు, "తగు ఉత్తర్వుల కొరకు సమర్పించడమైనది" అని రాసి మీదికే నెడతడు, నిర్ణయాలన్నీ మీ టేబుల్ మీదనే పేరుకపోతయి.

అందరికీ ఒక్కటే పద్ధతి పనికిరాదు. గ్రూప్-4ల కొత్తగ వచ్చిన పిల్లలకు డ్రాఫ్ట్ ఎట్ల రాయాల్నో దగ్గరుండి నేర్పాలె, సీనియర్లనైతే "ఏం చేద్దాం చెప్పండి" అని అడగాలె. టైం విషయంల మాత్రం అందరికీ ఒక్కటే రూలు, పదిన్నరకు మీరు సీట్ల ఉంటేనే ఇంకొకరిని అడగొచ్చు.

జూన్ 2, ఆగస్టు 15 ప్రశంసాపత్రాలకు పేర్లు పంపేటప్పుడు అటెండర్లను మర్చిపోకండి. అవుట్‌సోర్సింగ్ ఆపరేటర్లయితే ఇంకా దయనీయం, ఇంక్రిమెంట్ లేదు, జీతం గూడ టైంకు రాదు, కనీసం వాళ్ల హాజరు సర్టిఫికెట్ మీద సంతకం నెలాఖరుకే పెట్టి పంపండి.