మందుల చీటీ: బస్సెక్కే ముందు చూసుకోవాల్సినవి

నెల్లూరులోనో ఒంగోలులోనో డాక్టరుకు చూపించుకుని ఉదయగిరి, కనిగిరి బస్సెక్కే ముందే, మందుల షాపు దగ్గరే ఇవి తేల్చుకోండి.

– ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు. 1-0-1 అంటే ఉదయం, రాత్రి. కంటి చీటీలో మాత్రం ఓడీ అంటే కుడి కన్ను!

– ఏసీ తిండికి ముందు, పీసీ తిన్నాక, హెచ్ఎస్ పడుకునేటప్పుడు. ఎస్ఓఎస్ అవసరమైతేనే; ఎన్ని గంటల ఎడం ఉండాలో, రోజుకు ఎన్నింటికి మించకూడదో అడిగి రాయించుకోండి.

– ఇన్సులిన్ దగ్గర మరీ జాగ్రత్త. యూనిట్లకు బదులు ఇంగ్లిష్ ‘యూ’ అక్షరం ఒక్కటే గీస్తే సున్నాలా కనబడి 10 కాస్తా 100 అవుతుంది. ‘యూనిట్లు’ అని పూర్తిగా రాయించండి. సీసా మీద మిల్లీలీటరుకు 40 యూనిట్లని ఉంటే ఎర్ర మూత సిరంజి, 100 ఉంటే నారింజ మూతది. 100 ఇన్సులిన్‌ను 40 సిరంజితో గీతలు చూసి తీస్తే రెండున్నర రెట్లు ఎక్కుతుంది. షుగరు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది.

– కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. సోమవారమో, మంగళవారమో, ఏ రోజో చీటీ మీదే రాయించండి. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు తగ్గిపోతాయి, నోరు పూస్తుంది.

– ఎస్ఆర్, ఎక్స్ఆర్ ఉన్న మాత్రలు నూరొద్దు. రోజంతా మెల్లగా దిగాల్సిన మందు ఒక్కసారే దిగుతుంది.

– థైరాయిడ్ తక్కువైనవాళ్లు వేసుకునే థైరాక్సిన్ మాత్ర కొలత ఎంసీజీ (మైక్రోగ్రాము), ఎంజీ (మిల్లీగ్రాము) కాదు. ఒక ఎంజీకి 1000 ఎంసీజీలు.