ఇంటి పిండివంటలు – మూడవ పాఠం: నూనె వేడి, వాయి

మూకుడు ఎంపికను, నూనెల తేడాలను మొదటి రెండు పాఠాలలో తెలుసుకున్నాము. ఈ పాఠంలో పొయ్యి వెలిగించి, మినప గారెలతో అసలు పని మొదలుపెడదాము. గారెలు వేయడం నేర్చుకునేవారికి ఎదురయ్యే చిక్కులు ప్రధానంగా రెండు: పైన ఎర్రబడినా లోపల పిండి పచ్చిగా మిగలడం ఒకటి, లోపల ఉడికినా గారె నూనె పీల్చుకుని బరువెక్కడం రెండవది. రెండింటికీ చాలామంది పిండినే తప్పుపడతారు. పిండి పలుచనైతే నూనె పీలుస్తుందన్న మాట నిజమే గాని, చక్కగా రుబ్బిన పిండి కూడా నూనె వేడి సరిగా లేకపోతే చెడిపోతుంది. ఆ వేడిని అదుపులో ఉంచాలంటే, పిండిలోని నీరు ఏమవుతున్నదో గమనించడం అలవాటు చేసుకోవాలి.

గారెలకు కాగిన నూనె 170 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంటుంది. నీరు 100 డిగ్రీల వద్దనే ఆవిరవుతుంది కాబట్టి, పిండి నూనెలో పడగానే పైపొరలోని తడి ఆవిరై బుడగలుగా బయటికి వస్తుంది. మనకు కనిపించే బుడగలు నూనె మరగడం వల్ల పుట్టేవి కావు; అవన్నీ పిండి విడిచే నీటి ఆవిరే. ఆవిరి లోపలి నుంచి తోసుకుని వస్తున్నంతసేపు నూనె లోపలికి చేరడానికి పెద్దగా సందు దొరకదు. ఈలోగా పైపొర ఎండి కరకరలాడడం మొదలవుతుంది. లోపలి భాగం మాత్రం తడి ఉన్నంతవరకు 100 డిగ్రీలు దాటదు. అంటే గారె పైన వేగుతూ, లోపల ఆవిరికి ఉడుకుతూ ఉంటుంది. ఈ రెండు పనులూ ఒకేసారి పూర్తయ్యేటట్టు చూడడమే వేయించేవారి నేర్పు.

అన్ని వంటలకూ ఒకే వేడి పనికిరాకపోవడానికి కారణం ఇదే. పూరీ పలుచగా ఉంటుంది, పైపొర బిగిసేలోపే లోపల ఆవిరి ఒక్కసారిగా పుట్టి దాన్ని పొంగించాలి, కాబట్టి 185 నుంచి 190 డిగ్రీలు కావాలి. జంతికలలోని తడి పూర్తిగా పోతేనే అవి నిలవ ఉంటాయి. అందుకు కొంత సమయం పడుతుంది గనుక 160 నుంచి 170 డిగ్రీలు చాలు. అరిసెలో బెల్లం ఉండడం వల్ల రంగు త్వరగా మారిపోతుంది, కాబట్టి ఇంకొంచెం తక్కువ సెగ మీద వేయించాలి.

వంటకు పనికివచ్చే థర్మామీటరు దొరికితే, మొదట్లోనైనా వాడమని నా సలహా. దాని కొస మూకుడు అడుగుకు తగలకుండా చూడాలి. అది లేనివారికి పెద్దలు చేసే పిండి పరీక్ష ఎంతో నమ్మదగినది. శనగగింజంత పిండిని నూనెలో వేసినప్పుడు అది అడుగునే ఉండిపోయి అరకొర బుడగలు విడిస్తే నూనె ఇంకా కాగలేదు. కొద్దిగా మునిగి, వెంటనే పైకి తేలి, చుట్టూ బుడగలు కడితే గారెలకు సరిపోయింది. మునగకుండానే పైన తిరుగుతూ క్షణాల్లో రంగు మారితే వేడి మించింది. నీటి చుక్కలు చిలకరించి చూసే పద్ధతిని మాత్రం ఎవ్వరూ పాటించకూడదు. ఆ చుక్క ఒక్కసారిగా ఆవిరై మరిగే నూనెను ముఖం మీదికి చిమ్ముతుంది.

ఇప్పుడు వాయి సంగతి. ఒకసారికి మూకుడులో ఎన్ని గారెలు వేయాలన్న ప్రశ్నకు, పట్టినన్ని అని సమాధానం చెప్పుకోవడం వల్లనే పండుగనాటి గారెలు చాలా ఇళ్లలో జిడ్డుగా మిగులుతాయి. ఒక్క గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2,260 జౌల్‌ల (జౌల్ అంటే వేడిని కొలిచే ప్రమాణం) వేడి కావాలి. ఒక లీటరు నూనెను ఒక డిగ్రీ వేడెక్కించడానికి అంతకంటే కొంచెం తక్కువ వేడే సరిపోతుంది. కాబట్టి పిండి నుంచి ఆవిరయ్యే ప్రతి గ్రాము నీరూ లీటరు నూనెను ఒక డిగ్రీకి పైగా చల్లబరుస్తుంది. ఒక్కొక్క గారె 10 గ్రాముల నీటిని విడుస్తుందని అనుకుంటే, పొయ్యి నుంచి కొత్త వేడి అందకపోయినపుడు ఐదు గారెలు నూనె వేడిని సుమారు 60 డిగ్రీలు దించగలవు. పొయ్యి ఆ లోటును పూడుస్తూనే ఉంటుంది గాని, ఒక్కసారిగా పది గారెలు వేస్తే ఆ వేగాన్ని ఇంటి పొయ్యి అందుకోలేదు. నూనె చల్లబడితే ఆవిరి తగ్గుతుంది, పైపొర ఆలస్యంగా గట్టిపడుతుంది, గారె ఎక్కువసేపు నూనెలో నాని జిడ్డెక్కుతుంది. లీటరు నూనెకు నాలుగైదు గారెలు మించకుండా, నూనె పైభాగంలో సగమైనా ఖాళీగా కనిపించేటట్టు వేసుకోవాలి. గారెలు వేయడానికి కొన్ని క్షణాల ముందు మంట కొంచెం పెంచి, బుడగలు కుదుటపడిన తరువాత మధ్యస్థానికి తగ్గించాలి.

వేగుతున్న గారెను కళ్లతో పాటు చెవులతోనూ గమనించాలి. మొదట బుడగలు పెద్దవిగా, దట్టంగా ఉండి బుసబుసమనే చప్పుడు గట్టిగా వినిపిస్తుంది. తడి తగ్గేకొద్దీ బుడగలు చిన్నవై పలచబడతాయి, చప్పుడు సన్నగిల్లుతుంది. గారెలను బుడగలు బాగా తగ్గినా ఇంకా కొన్ని మిగిలి ఉండగానే తీయాలి. లోపలి మెత్తదనానికి ఆ తడి అవసరం. జంతికలు, చెక్కలు, సకినాల విషయంలో ఆ బుడగలు దాదాపు ఆగిపోయేవరకు ఓపిక పట్టాలి. రంగును మాత్రమే చూసి తీసినవారి జంతికలు మర్నాటికి మెత్తబడతాయి.

నూనెలోంచి తీసిన తరువాతి నిమిషం చాలామంది నిర్లక్ష్యం చేసే నిమిషం. గారె చల్లబడేకొద్దీ లోపలి ఆవిరి నీరుగా మారి, దాని ఒత్తిడి తగ్గిపోవడంతో పైన అంటుకున్న నూనె లోపలికి లాగబడుతుంది. గారెలోకి చేరే నూనెలో ఎక్కువ భాగం ఇలా బయటికి వచ్చాకనే చేరుతుంది. అందుకే జల్లిగరిటెతో తీసిన వెంటనే మూకుడు పైనే కొన్ని క్షణాలు పట్టి ఉంచి, నూనె జారిన తరువాత చిల్లుల పళ్లెంలో విడివిడిగా నిలబెట్టాలి. వేడిగా ఉండగా ఒకదానిపై ఒకటి పోగుచేసి మూత పెడితే వాటి ఆవిరే పైపొరను మెత్తబరుస్తుంది.

జాగ్రత్తలు కొన్ని తప్పకుండా గుర్తుంచుకోవాలి. మూకుడులో నూనె సగానికి మించకూడదు. గారె తట్టే చేతికి తడి అవసరమే గాని నీరు కారకూడదు. పిండిని పైనుంచి పడవేయకుండా, నూనెకు దగ్గరగా తెచ్చి అంచు వెంట జారవిడవాలి. చెక్కలు, చేగోడీలు వంటివి పేలకుండా ఉండాలంటే లోపలి ఆవిరికి దారి దొరకాలి, కాబట్టి చెక్కలను వేసే ముందు ఫోర్కుతో అక్కడక్కడ గుచ్చడం మంచిది. నూనె పొగలు కక్కితే వెంటనే పొయ్యి ఆపాలి. మంట అంటుకుంటే పొయ్యి కట్టివేసి, బిగువైన మూతతో కప్పి, పూర్తిగా చల్లారేవరకు మూత తీయకూడదు; నీళ్లు ఎంతమాత్రం పోయకూడదు, అవి అడుగుకు చేరి ఆవిరై మండుతున్న నూనెను నలువైపులా ఎగజిమ్ముతాయి.

ఇక అభ్యాసం. ఒక గ్లాసు మినపప్పును నాలుగు గంటలు నానబెట్టి, వీలైనంత తక్కువ నీటితో రుబ్బుకోండి. మొదటి వాయికి రెండు, రెండవ వాయికి నాలుగు, మూడవ వాయికి ఏడు గారెలు వేసి, మొదటి రెండు వాయిలు వేగడానికి పట్టిన సమయాన్ని, మూడవ దానికి పట్టిన సమయంతో పోల్చి చూడండి. ప్రతి వాయి నుంచి ఒక గారెను విరిచి, పచ్చి పిండి ఉన్నదో లేదో పరిశీలించి, విరిచిన ముఖాన్ని కాగితానికి అద్ది నూనె మరక ఎంత వ్యాపించిందో గమనించండి. మిగిలిన నూనె చల్లారాక సన్నటి గుడ్డలో వడకట్టి దాచుకోండి. నల్లబడి, చిక్కబడి, వేడి చేయగానే నురుగెత్తే నూనెను మళ్లీ వంటకు వాడవద్దు. వచ్చే పాఠం సకినాల గురించి. తడి బియ్యప్పిండితో చేసి, నూనెలో వేసే ముందు గుడ్డ మీద ఆరబెట్టే వంట అది. దానికి అరకిలో బియ్యాన్ని ముందురోజు రాత్రే కడిగి నానబెట్టి, ఒక పాత నూలు గుడ్డను శుభ్రంగా ఉతికి ఆరవేసి ఉంచండి.