తుఫాన్ల నెల రాకముందే బిల్డ్‌బాట్ ప్యాకేజీ సరిచూసుకోండి

పర్లాకిమిడిలో ఉన్నోళ్లకి అక్టోబర్ గురించి చెప్పక్కర్లేదు కదా, 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చాయి, కరెంటు పోతే మళ్లీ ఎప్పుడొస్తుందో దేవుడికెరుక. కోడ్ మారినప్పుడల్లా దాన్ని తనే బిల్డ్ చేసి పరీక్షించే బిల్డ్‌బాట్‌ని డెబ్ ప్యాకేజీగా (డెబియన్ లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ వేసుకునే ఫైల్‌గా) కట్టి ఇక్కడ ఒక మెషీన్‌లో, బరంపురంలో ఇంకోదాన్లో వేద్దామనుకునేవాళ్లు ఆ పని సెప్టెంబర్‌లోనే కానిచ్చేయండి.

నేను చేసిన బుద్ధితక్కువ పని ముందు చెప్తా, పోస్ట్‌ఇన్‌స్ట్ స్క్రిప్టులో, అంటే ప్యాకేజీ వేసేటప్పుడు చివర్లో నడిచేదాన్లో, పిప్ ఇన్‌స్టాల్ (నెట్ నుంచి పైథాన్ లైబ్రరీలు దించే కమాండ్) పెట్టాను. నెట్ ఉన్నన్నాళ్లూ బానే నడిచింది, నెట్ పోయిన రోజు మధ్యలో ఆగిపోయి ప్యాకేజీ సగం కాన్ఫిగర్ అయ్యి కూర్చుంది, ఆ తర్వాత ఆప్ట్‌తో (డెబియన్‌లో ప్యాకేజీలు వేసే కమాండ్‌తో) ఏం వేద్దామన్నా అదే ఎర్రర్. డెబియన్ 12 నుంచి సిస్టమ్ పైథాన్‌లోకి పిప్‌ని మామూలుగా రానివ్వరు కూడా. బిల్డ్‌బాట్‌కి కావాల్సిన ట్విస్టెడ్ లాంటి లైబ్రరీలన్నీ ప్యాకేజీ డిపెండ్స్ లైన్‌లో రాసి, ఆ డెబ్ ఫైళ్లు ముందే పెన్‌డ్రైవ్‌లోకి దించుకోండి.

ఇంకోటి, పోస్ట్‌ఆర్‌ఎమ్ స్క్రిప్టు ప్యాకేజీ తీసేసేటప్పుడే కాదు, అప్‌గ్రేడ్‌లో కూడా నడుస్తుంది! పర్జ్ (డేటాతో సహా పూర్తిగా తుడిచేయడం) అని వచ్చిందా లేదా చూడకుండా డేటా ఫోల్డర్ చెరిపేసే లైన్ పెట్టారనుకోండి, కొత్త వెర్షన్ వేయగానే పాత బిల్డ్‌ల చరిత్రంతా గోదాట్లో కలిసినట్టే. అప్‌గ్రేడ్‌కి ముందు మాస్టర్ (బిల్డ్‌బాట్‌లో పనులు పంచే ముఖ్య ప్రోగ్రామ్) ఆపి, బిల్డ్‌ల చరిత్ర ఉండే ఎస్‌క్యూలైట్ ఫైల్ కాపీ తీసుకుని, తర్వాతే అప్‌గ్రేడ్-మాస్టర్ కమాండ్ కొట్టండి.

మాస్టర్ పంచిన పనులు చేసే వర్కర్ల పాస్‌వర్డ్‌లు ప్యాకేజీలో పెట్టకండి, డెబ్ ఫైల్ ఎవరైనా విప్పి చూడొచ్చు. వెబ్ పేజీ 8010 పోర్టులో ఉంటుంది, లాగిన్ పెట్టకపోతే బయటోళ్లకి తెరవొద్దు.

కరెంటు సంగతి మాత్రం గట్టిగా చూడండి. ఉన్నట్టుండి పోతే ట్విస్ట్‌డీ పిడ్ ఫైల్ (నడుస్తున్న మాస్టర్ ప్రాసెస్ నంబర్ రాసుకునే ఫైల్) అలాగే ఉండిపోతుంది, మెషీన్ మళ్లీ లేచాక అదే నంబర్ ఇంకో ప్రాసెస్‌కి వచ్చిందంటే మాస్టర్ ఇప్పటికే నడుస్తోందనుకుని మొరాయిస్తుంది, లాగ్ చూడకపోతే ఎందుకో అర్థం కాక బుర్ర వేడెక్కిపోద్ది. సర్వీస్ మొదలయ్యే ముందు ఆ ఫైల్ తీసేసే లైన్ ఒకటి యూనిట్ ఫైల్‌లో (సర్వీస్ ఎలా మొదలవ్వాలో రాసే ఫైల్‌లో) పెట్టేయండి.

అన్నీ అయ్యాక ఖాళీ వర్చువల్ మెషీన్‌లో నెట్ కేబుల్ పీకేసి ఇన్‌స్టాల్, అప్‌గ్రేడ్, రిమూవ్, పర్జ్ వరసగా చేసి చూడండి, చివర్లో మళ్లీ ఇన్‌స్టాల్ చేసి బిల్డ్ నడుస్తుండగానే ప్లగ్ లాగేయండి. ఇంట్లోవాళ్లు పిచ్చోడిలా చూస్తారు, పర్లేదు.